పున్నమి నాడు పడవలు వెళ్ళవు

పున్నమి వారంలో మా ఐస్ ఫ్యాక్టరీలో సందడి ఉండదు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే సాన్ ఫెలిక్స్ రేవులో పడవలవాళ్ళు ఐస్ దిమ్మల కోసం ఒకరినొకరు తోసుకుంటూ ఉంటారు. చందమామ నిండేకొద్దీ ఒక్కొక్కరే తగ్గిపోతారు. దీపానికి చేప చేరాలంటే చుట్టూ చీకటి ఉండాలి. ఆకాశమంతా వెలుగుతుంటే పడవలోని దీపాన్ని ఏ చేప లెక్కచేస్తుంది? అందుకని ఆ వారం మగవాళ్ళంతా ఇళ్ళ పట్టునే ఉంటారు. వలలు బాగుచేసుకుంటారు, పెళ్ళిళ్ళు పెట్టుకుంటారు, భార్యలతో తగాదాలు కూడా అప్పుడే తీరిగ్గా పెట్టుకుంటారు. నేను కంప్రెసర్లు విప్పించి శుభ్రం చేయించుకుంటాను.

ఆ వేసవిలో మా అమ్మాయి క్రిసెల్ ఇలోయిలో నగరంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. వారం చివర బస్సెక్కి ఇంటికి వచ్చేది. వాళ్ళమ్మ ఎర్మినా పోయి అప్పటికి మూడేళ్ళు. చదువు సంగతులన్నీ ఆ తల్లీకూతుళ్ళ మధ్యే నడిచేవి. వండిపెట్టడం, బస్టాండుకు దింపి రావడం నా వంతు. ఎర్మినా వెళ్ళిపోయాక క్రిసెల్ నాతో చాలా మర్యాదగా మెలిగేది, ఇంటికి వచ్చిన చుట్టంలాగా. అడిగినదానికి జవాబు చెప్పేది. తక్కిన కబుర్లన్నీ ఫోన్‌లో ఉన్న ఏఐతోనే. ఒకసారి చేపల పులుసులో ఉప్పు ఎక్కువైతే ఏం చెయ్యాలని నా పక్కనే నిలబడి దాన్ని అడిగింది. గరిటె నా చేతిలోనే ఉంది.

అందుకే ఆ శనివారం సాయంత్రం ఆమె లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "నాన్నా, కాస్త వింటావా? పైకి చదివితే తప్పులు దొరుకుతాయని మేడం చెప్పారు" అంటే, నేను వెంటనే పొయ్యి మంట తగ్గించాను. నూనె చిటపటలో ఒక్క మాటైనా పోకూడదనిపించింది.

అది ముగ్గురు పిల్లల ఉమ్మడి పరిశోధన. దీపాల వేట చేసే చిన్న పడవలవాళ్ళు కిరసనాయిలు లాంతర్లు వదిలి బ్యాటరీ దీపాలకు మారాక వాళ్ళ బతుకుల్లో ఏం మారిందన్నది విషయం. ముగ్గురూ మూడు చోట్ల జాలర్లను కలిసి మాట్లాడాలి. క్రిసెల్‌కి మా రేవు, షైరా అనే అమ్మాయికి పక్క రేవు. అన్నిటికన్నా దూరమైన కబుగావ్ ద్వీపాన్ని ఎల్డ్రిన్ అనే అబ్బాయి తీసుకున్నాడు. నేను ఇద్దరినీ అప్పటికి ఫొటోల్లోనే చూశాను.

క్రిసెల్ చదువుతూ చదువుతూ కబుగావ్ అధ్యాయానికి వచ్చింది. రొహెలియో అనే జాలరి చెప్పిన మాటలట: 'పున్నమి రాత్రి సముద్రం వెండిలా మెరుస్తుంది. చందమామ, మా దీపం కలిసి చేపల్ని పిలుస్తాయి. మా పడవ నిండేది ఆ రాత్రుల్లోనే. అప్పుడు నాకు చనిపోయిన మా నాన్న గుర్తుకొస్తాడు.'

"ఎంత బాగా చెప్పాడో కదా?" అంది క్రిసెల్. "షైరా ఇది చదివి బస్సులో ఏడ్చేసిందట."

"బాగుంది," అన్నాను చేపముక్కలు తిరగేస్తూ. "ఐస్ ఎక్కడ కొంటున్నాడో మరి. పున్నమికి కబుగావ్ పడవ మన దగ్గరికి ఒక్కటీ రాదే."

మామూలుగానే అన్నాను. ఆమె తర్వాతి వాక్యం మొదలుపెట్టి ఆగిపోయింది.

"కబుగావ్‌లో వేరే పద్ధతేమో నాన్నా?"

"వాళ్ళకి చందమామ వేరేదా?"

ఆమె నవ్వలేదు. తెర మీద వెనక్కి వెళ్ళి, ముందుకు వచ్చి, మనసులోనే చదువుకుంటోంది. కాసేపటికి లాప్‌టాప్ మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"నేనివి ఇప్పుడే చదువుతున్నాను నాన్నా. ఎల్డ్రిన్ పంపగానే ఏఐకిచ్చి సారాంశం తియ్యమన్నాను. సమాచారం చాలా లోతుగా ఉందంది. నేను సరే అనేశాను. షైరా ఇంగ్లీషు దిద్దింది. మా ముగ్గురి చేతుల మీదుగా పోయింది, ఒక్కళ్ళం కూడా..." అని ఆపేసింది.

చేప కొంచెం మాడింది. ఇద్దరం అలాగే తిన్నాం.

మర్నాడు ఆదివారం ప్రార్థన అయ్యేసరికి ఆమె పిలుపు మీద షైరా, ఎల్డ్రిన్ ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. షైరా పొట్టిగా, గలగలా ఉంటుంది. ఎల్డ్రిన్ చెరకు తోటల ఊరివాడు, పొడుగ్గా, సన్నగా, గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వచ్చే రకం. వాళ్ళమ్మ పంపిన బెల్లం బిళ్ళల పొట్లం నా చేతిలో పెట్టి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఎల్డ్రిన్, ఈ రొహెలియో ఇల్లు ఎక్కడ?" అంది క్రిసెల్.

"కబుగావ్‌లో."

"కబుగావ్‌లో ఎక్కడ? మా నాన్నకి అక్కడ అందరూ తెలుసు."

అతను నా వైపు చూశాడు. నేను కాఫీ కప్పుల వైపు చూశాను.

"చర్చి పక్క సందులో..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "లేడు. ఎవరూ లేరు. నేను ఆ ద్వీపానికే వెళ్ళలేదు. మన ప్రశ్నలన్నీ ఏఐకి ఇచ్చి, కబుగావ్ జాలర్లలాగా జవాబులు చెప్పమన్నాను."

ముందుగా తేరుకున్నది షైరా. "లేడా? వాడి కోసం నేను ఏడ్చానురా! వాళ్ళ నాన్న పోయాడని బస్సులో ముక్కు చీదుకుంటుంటే పక్క సీటు ముసలావిడ నాకు రుమాలిచ్చింది! ఆ నాన్న కూడా లేడా?"

"లేడు."

"ఛీ!"

నాకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. క్రిసెల్ మొహం చూస్తే నవ్వే సందర్భం కాదు.

ఎందుకలా చేశావని ఎవరూ అడగలేదు. అతనే చెప్పాడు. చిన్నప్పుడు తండ్రితో వెళ్తుంటే పడవ తిరగబడిందట. అందరూ బతికారు కానీ, వేరే పడవ వచ్చేదాకా పడవ పక్కన కట్టే వెదురు బొంగు పట్టుకుని నీళ్ళలో వేలాడాడట. ఊళ్ళు పంచుకునేటప్పుడు ఆడపిల్లల ముందు చెప్పడానికి సిగ్గేసి, దూరం ద్వీపం నాదే అన్నాడు.

"మూడుసార్లు మీ రేవు దాకా వచ్చాను అంకుల్. గాలికి అలలు లేస్తున్నాయి. పడవెక్కే బల్ల మీద కాలు పెట్టడం, వెనక్కి వచ్చెయ్యడం. గాలి తగ్గాక వెళ్ళి నిజం మాటలు తెచ్చి మార్చేద్దామనుకున్నా. ఇంతలో ఇది అందరికీ నచ్చేసింది."

"ఆ పున్నమి ముక్క ఒక్కటీ తీసేస్తే ఎవరికి తెలుస్తుంది?" అంది షైరా గొంతు తగ్గించి. "మేడం కూడా ఏమీ అనలేదు కదా?"

"తీసేస్తే రొహెలియో పుట్టుకొస్తాడా?" అంది క్రిసెల్.

"అది కాదే. మా అమ్మ పట్టా రోజు విందుకి పందిని చూసిపెట్టింది. మా చెల్లి దానికి పేరు కూడా పెట్టింది. ఈ ఏడు కాదు, వచ్చే ఏడని ఇంటికెళ్ళి ఎలా చెప్పను?"

"మొత్తం నా మీద వేసెయ్యండి," అన్నాడు ఎల్డ్రిన్. "మీకు తెలీదు కదా. అదే నిజం."

"నేను చదవకుండా సంతకం పెట్టాను. అదీ నిజమే," అంది క్రిసెల్.

వాళ్ళు అలా చాలాసేపు వాదించుకున్నారు. నేను ఎవరి వైపూ మాట్లాడలేదు. ఎర్మినా ఉంటే ఏదో ఒకటి చెప్పేది. నాకు కాఫీ పోయడమే తెలుసు. చివరికి షైరా ముక్కు తుడుచుకుని, "సరే, మేడంకి చెబుదాం. కానీ ముందు నువ్వు మాట్లాడు క్రిసెల్, నా గొంతు వణుకుతుంది" అంది. అప్పుడు మాత్రం నేను కల్పించుకుని, "రేపు మన బండి నగరానికి వెళ్తుంది. ముందు సీట్లో చోటుంది. ఎల్డ్రిన్ వెనక ఐస్‌తో కూర్చోవాలి" అన్నాను.

"కూర్చుంటాను అంకుల్," అన్నాడు, అదేదో శిక్షలో భాగమన్నట్టు.

కాలేజీలో పాలోమార్ మేడం గది కింది అంతస్తులో, గాజు పలకల కిటికీ పక్కన. బయట వరండాలో బెంచీ ఉంది. పలకలు తెరిచే ఉన్నాయి కాబట్టి నేను వినదలుచుకోకపోయినా వినపడుతోంది. క్రిసెల్ అంతా చెప్పింది, తను సారాంశంతో సరిపెట్టుకున్న సంగతితో సహా.

"మొదటి రోజు నేనేం చెప్పాను?" అన్నారు మేడం.

"ఏఐని వాడుకోండి, దేనికి వాడారో దాచకుండా రాయండి అన్నారు," అంది క్రిసెల్.

"ఇంకా?"

ఈసారి ఎల్డ్రిన్ గొంతు వినిపించింది. "మనిషి అనని మాట మనిషి పేరు మీద రాయొద్దన్నారు."

"గుర్తుందన్నమాట."

"గుర్తుంది మేడం. రాస్తున్నప్పుడు కూడా గుర్తుంది."

పలకల సందులోంచి చూశాను. అతని చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. మేడం కోపంగానే ఉన్నారు. ఆ కోపంతోనే లేచి, తన వైపు తిరిగి ఉన్న ఫ్యాన్‌ని అతని వైపు తిప్పి, మళ్ళీ వచ్చి కూర్చుని కోప్పడడం కొనసాగించారు.

"మేడం, ఒక మాట," అంది షైరా. "దాచేద్దామని నేనన్నాను. అదీ రాసుకోండి."

"నేనేం రాసుకోవట్లేదు షైరా. ఏడుపు ఆపు." మేడం కాగితాలు సర్దిన చప్పుడు. "కబుగావ్ అధ్యాయం మొత్తం తీసేస్తున్నాను. మూడు చోట్లని ఒప్పుకున్నాక రెండిటితో వైవాకి రావడం కుదరదు. ఈస్టర్ వెళ్ళిన మంగళవారానికి నిజమైన మాటలు తెస్తే రండి, లేకపోతే వచ్చే ఏడాది. ఎల్డ్రిన్ సంగతి కాలేజీ కమిటీకి వెళ్తుంది. అది నేను ఆపను. ఏం చేశావో నీ చేత్తో నువ్వే రాసి, పుస్తకం చివర పెడతావు."

"పెడతాను మేడం."

"పవిత్ర వారంలో ఎవరు దొరుకుతారు మేడం?" అంది షైరా దిగులుగా.

కుర్చీ జరిగింది. క్రిసెల్ కిటికీ దగ్గరికి వచ్చి పలకల సందులోంచి నన్ను చూసింది. "నాన్నా, వచ్చే వారం పున్నమేనా?"

"ఈస్టర్ ముందు ఎప్పుడూ పున్నమే కదమ్మా. మగాళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉంటారు. కబుగావ్‌లో పని లేనిది ఆ ఒక్క వారమే."

"ఎవరది?" అన్నారు మేడం.

"మా నాన్న, మేడం. ఐస్ ఫ్యాక్టరీ."

"ఎండలో ఎందుకు కూర్చోబెట్టావు? లోపలికి రమ్మను."

వెళ్ళాను. ఫ్యాన్ ముందు నాక్కూడా చోటు దొరికింది. బయల్దేరే ముందు షైరా భయపడుతూనే, ఇకమీదట ఏఐని ముట్టుకోవచ్చా అని అడిగింది.

"ఎందుకు ముట్టుకోకూడదు? రికార్డింగులు టైపు కొట్టించండి, ఇంగ్లీషులోకి మార్పించండి. కాకపోతే జాలర్ల పేర్లు దానికి ఇవ్వొద్దు. అది రాసినదాన్ని ఆ మాటన్న మనిషికే చదివి వినిపించండి. అవును, ఇది నేనన్నదే అని అతను అంటేనే ఉంచండి."

మట్టల ఆదివారం వెళ్ళిన సోమవారం పొద్దున సముద్రం పళ్ళెంలా ఉంది. నెలల తరబడి ఈశాన్యం నుంచి కొట్టిన గాలి ఎక్కడికి పోయిందో. పడవవాడు బల్ల వేశాడు. క్రిసెల్, షైరా ఎక్కేశారు. ఎల్డ్రిన్ బల్ల మొదట్లో నిలబడ్డాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు, మళ్ళీ తొడుక్కున్నాడు, మళ్ళీ విప్పాడు.

నేను అతని కంటే ముందు ఎక్కి, ఇంజను పక్కన చోటు చూపించాను. "ఇక్కడ కుదుపు తక్కువ. నీళ్ళ వైపు చూడకు, దూరంగా ఆ కొండ వైపు చూడు. అల్లం ముక్క నములు."

"నేను గట్టిగా పట్టుకుంటే ఏమీ అనుకోరు కదా అంకుల్?"

"చొక్కా మాత్రం చింపకు. ఇస్త్రీ చేసింది."

అతను ఎక్కాడు. సగం దూరం కూడా వెళ్ళకముందే అల్లంతో సహా వాంతి చేసుకున్నాడు. షైరా అతని వీపు రాస్తూ, "కానియ్యి. రొహెలియో నాన్న కోసం నేను కార్చిన కన్నీళ్ళకి ఇది చెల్లు" అంది. పడవవాడు ఏమీ అడక్కుండా ఇంజను వేగం తగ్గించాడు. పడవ నింపాదిగా సాగింది. చొక్కా నలిగింది కానీ చిరగలేదు.

కబుగావ్‌లో మాకు ఇస్యోంగ్ ఇంట్లో బస. ఏళ్ళ తరబడి నా దగ్గర ఐస్ కొంటున్న జాలరి, కోపిష్టి, మంచివాడు. వాళ్ళావిడ పురా మమ్మల్ని చూడగానే పిల్లలకు కొబ్బరిపాలలో అరటిపళ్ళు, చిలగడదుంపలు ఉడికించి పెట్టింది. చర్చి మైకులో ఆడవాళ్ళు క్రీస్తు పాట్ల గాథను రాగం తీసి పాడుతున్నారు. ఆ పాట కిందే మాటలు మొదలయ్యాయి. ఎల్డ్రిన్ చాప మీద కూర్చుని, పడవ కుదుపు ఇంకా వదలక కొంచెం ఊగుతూ, అందరికీ చెప్పాల్సిందంతా చెప్పాడు: ఎందుకు వచ్చాం, రికార్డు చెయ్యొచ్చా, ఆ మాటల్ని ఒక యంత్రం చేత టైపు కొట్టించవచ్చా, ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు.

"యంత్రానికి నా మాటలేం చేసుకోవడానికి?" అన్నాడు ఇస్యోంగ్. "సరే, కానియ్యి తోతో." మా వైపు కుర్రాణ్ణి తోతో అంటారు, పెద్దవాణ్ణి మనోంగ్ అంటారు.

"బ్యాటరీ దీపం వచ్చాక మీ జీవితం ఎలా మారింది మనోంగ్?"

"వెలుతురెక్కువైంది."

"ఇంకా?"

"ఇంకేముంది? వెలుతురెక్కువైంది."

ఎల్డ్రిన్ నా వైపు దీనంగా చూశాడు. రొహెలియో అయితే ఈపాటికి ఒక పేజీ మాట్లాడి ఉండేవాడు.

"ఏ రాత్రి వేటకు వెళ్ళాలి, ఏ రాత్రి మానాలి... అది ఎలా నిర్ణయిస్తారు?"

ఇస్యోంగ్ చాలాసేపు గడ్డం గోక్కుని వంటింటి వైపు తిరిగాడు. "ఏమే పురా! ఎలా నిర్ణయిస్తాం?"

"నేను బ్యాటరీ ఛార్జింగుకి పెడితే వెళ్తావు! పెట్టకపోతే ఇంట్లో పడుంటావు!" అని లోపల్నుంచి కేక.

నవ్వులయ్యాక సంగతి బయటపడింది. ద్వీపంలో కరెంటు సాయంత్రం కాసేపే. ఆడవాళ్ళు బ్యాటరీలు మోసుకెళ్ళి జనరేటర్ షెడ్డు దగ్గర వరసలో పెడతారు. ఎవరిది ముందు, ఎవరింట్లో జ్వరం, ఎవరు నిన్న వెళ్ళొచ్చారు, ఈ రోజు ఎవరు ఆగాలి, అంతా ఆ వరసలో నిలబడి ఆడవాళ్ళే తేల్చేస్తారు. కిరసనాయిలు రోజుల్లో ఇది లేదు. సీసా నింపుకుని ఎవరికి వాళ్ళు పోయేవాళ్ళు. క్రిసెల్ పెన్ను ఆగిపోయింది. ఎల్డ్రిన్ రికార్డర్ తీసుకుని లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఆ తర్వాత మేం అక్కడున్నన్నాళ్ళూ అతను ఆడవాళ్ళ మధ్యే ఉన్నాడు. వాళ్ళకి కొబ్బరి తురుముతూ, ఎవరిదో బ్యాటరీ మోస్తూ.

ఫోన్ సిగ్నల్ చర్చి మెట్ల మీద మాత్రమే దొరికేది. పిల్లలు అక్కడ కూర్చుని టైపు చేయించుకుని, ఇంటింటికీ వెళ్ళి చదివి వినిపించారు. ఇస్యోంగ్ తన మాటలు విని మొహం చిట్లించాడు.

"నేనింత మర్యాదస్తుణ్ణి కాదు. ఆ నాసిరకం బ్యాటరీ అమ్మినవాణ్ణి ఒక మాటన్నానుగా, అదేదీ?"

"యంత్రం తీసేసింది మనోంగ్," అన్నాడు ఎల్డ్రిన్ సిగ్గుపడుతూ.

"మళ్ళీ పెట్టు. నేనన్నదే అది."

పెట్టాడు. ఇంకో ఇంట్లో ఒకతను మాత్రం తన బావమరిది గురించి చెప్పిన ముక్క వద్దన్నాడు. ఎల్డ్రిన్ అతని ముందే ఆ ముక్క కొట్టేసి, రికార్డింగు కూడా తీసేసి, ఫోన్, రికార్డర్ రెండూ అతని చేతికిచ్చి చూసుకోమన్నాడు. అతను చూసుకుని, లోపలికి వెళ్ళి, రెండు ఎండు చేపలు తెచ్చి ఇచ్చాడు.

బుధవారం సాయంత్రం క్రిసెల్ ఇసుకలో నా పక్కన కూర్చుంది. రికార్డర్ ఆపి జేబులో వేసుకుంది. "నాన్నా, అమ్మని మొదట ఎక్కడ చూశావు? ఫ్యాక్టరీలోనా, బళ్ళోనా? అమ్మ రెండు రకాలుగా చెప్పేది."

రెండూ కాదని చెప్పాను. రేవులో, నా సైకిలు ఆమె చేపల బుట్టని గుద్దినప్పుడు. క్రిసెల్ చాలా ప్రశ్నలు అడిగింది. జవాబులు ఎక్కడా రాసుకోలేదు. చందమామ లేచి పూర్తిగా పైకి వచ్చినా ఇంకా అడుగుతూనే ఉంది.

గుడ్ ఫ్రైడే రోజు మా వైపు ఎవరూ పడవ కదపరు కాబట్టి గురువారం పొద్దున్నే తిరిగి వచ్చేశాం. ఎల్డ్రిన్ ఈసారి ఒక్కసారే వాంతి చేసుకున్నాడు. ఆ సంగతి షైరా పడవలో అందరికీ ప్రకటించింది.

వైవా రోజున పరీక్షించే పెద్దలకు భోజనం పిల్లలే పెట్టాలి. అది అక్కడి ఆనవాయితీ. వంట నాకు అప్పగించారు. బొగ్గుల మీద కాల్చిన కోడి, సేమ్యా, బియ్యప్పిండి రొట్టెలు బండిలో వేసుకుని వెళ్ళి, వరండాలో బల్ల పరిచి, మూతలు పెట్టి, బెంచీ మీద కూర్చున్నాను. లోపల క్రిసెల్ గొంతు నిలకడగానే ఉంది. నేనే మూతలు తీసి, మళ్ళీ పెడుతున్నాను.

అప్పుడు వరండా చివర ఇస్యోంగ్, పురా కనబడ్డారు. ఇద్దరూ చర్చికి వేసుకునే బట్టల్లో ఉన్నారు. ఇస్యోంగ్ బూట్లు బిగుతై కుంటుతున్నాడు.

"మీరేంటి ఇక్కడ?"

"మా మాటల్ని ఏం చేస్తున్నారో చూద్దామని," అంది పురా, నా పక్కన చతికిలబడుతూ. "ఆ పొడుగు తోతో చెప్పాడు మంగళవారమని. ఈయన రానన్నాడు. బ్యాటరీ పెట్టనన్నాను."

లోపల ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. పిల్లల్ని పరీక్షించడానికి వచ్చిన ముగ్గురిలో పెద్ద ఆయనే.

"ఎల్డ్రిన్, ముందు కబుగావ్ పేరు మీద కల్పించిన మాటలు పెట్టానని పుస్తకం చివర నువ్వే రాశావు. చదివాను. ఇప్పుడు పెట్టినవి కల్పించినవి కావని నేనెలా నమ్మాలి?"

పురా కిటికీ వైపు తల తిప్పింది.

"నమ్మండని అడిగే హక్కు నాకు లేదు సర్," అన్నాడు ఎల్డ్రిన్. "రికార్డింగులున్నాయి. వాళ్ళు ఒప్పుకున్నారు, మీరు వినొచ్చు. కావాలంటే ఆ ద్వీపానికి తీసుకెళ్తాను. నాకు వాంతులవుతాయి, కానీ తీసుకెళ్తాను."

"ఎక్కడికీ పోనక్కర్లేదు!" అని పురా బెంచీ మీంచి లేచి కిటికీ పలకల్లో మొహం పెట్టింది. "మేమిక్కడే ఉన్నాం!"

లోపల ఎవరో కుర్చీ పడేశారు. షైరా కాబోలు. పాలోమార్ మేడం నవ్వడం అప్పుడే మొదటిసారి విన్నాను. పెద్దాయన వాళ్ళిద్దర్నీ లోపలికి పిలిచి కుర్చీలు వేయించాడు.

"వేటకు వెళ్ళాలా వద్దా అన్నది నిజంగా మీరే నిర్ణయిస్తారా అమ్మా?"

"మరెవరు? ఈయనా?"

ఇస్యోంగ్ బూట్లు చూసుకుంటున్నాడు. పెద్దాయన ఏదో రాసుకుని, ఆ ఛార్జింగు వరస గురించి ఇంకా ఇంకా అడిగాడు. వైవా కాస్తా పురాతో కబుర్లుగా మారిపోయింది.

తలుపు తెరుచుకునేసరికి కోడి చల్లారిపోయింది. కొద్ది దిద్దుబాట్లతో పరిశోధన అంగీకరించారు. జూన్‌లో క్రిసెల్, షైరా వేదిక ఎక్కుతారు. ఎల్డ్రిన్ మీద కమిటీ తీర్పు కూడా మేడం అక్కడే చెప్పారు: పరిశోధనలో అతని పని చెల్లుతుంది, కానీ పరిశోధన నియమాల తరగతికి మళ్ళీ కూర్చోవాలి, పట్టా ఆ తర్వాతే. జూన్ వేదిక లేదు. అతను తలూపాడు. భుజాలు కిందికి దిగాయి, ఐస్ దిమ్మ దించిన కూలీ భుజాల్లా. చదువు మిగిలిందని అప్పుడు తెలిసింది అతనికి, నాకు కూడా.

క్రిసెల్ వచ్చి నా భుజం మీద తల ఆనించి, "ఆకలేస్తోంది నాన్నా" అంది. అందరికీ వడ్డించాను. ఇస్యోంగ్ బూట్లు విప్పేసి రెండోసారి వడ్డించుకుంటున్నాడు. షైరా వాళ్ళమ్మకి ఫోన్ చేసి, విందు ఖాయమని, చెల్లికి పంది సంగతి మెల్లగా చెప్పమని పురమాయిస్తోంది.

ఎల్డ్రిన్ పళ్ళెం పట్టుకుని వరండా చివరికి వెళ్ళి వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. దాచకుండా మొత్తం చెప్పాడు: పడవ, యంత్రం, లేని జాలర్లు, జూన్‌లో పట్టా లేకపోవడం. ఆవిడకి ఊళ్ళో భోజనశాల ఉంది, గొంతు పెద్దది. ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. ఇటు చివర ఉన్న మాకు కూడా ప్రతి మాటా వినబడింది. 'సిగ్గులేదా' అని, 'మీ నాన్నకి నువ్వే చెప్పుకో' అని, 'సముద్రమంటే భయమని ముందే చెప్తే ఎవరైనా కొరుక్కు తింటారా' అని. మేమంతా పళ్ళేల్లోకి చూస్తున్నాం.

తర్వాత ఆ గొంతు తగ్గింది. ఏమందో వినబడలేదు.

"ఆఁ, ఉంది," అన్నాడు ఎల్డ్రిన్. "కోడి. ఇంకా తినలేదమ్మా, చేతిలోనే ఉంది." కాసేపు విన్నాడు. "సరే. తిన్నాకే నాన్నకి చేస్తాను."

ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగి వచ్చాడు. పురా బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చింది. కూర్చుని తినడం మొదలుపెట్టాడు. నేను ఇంకో ముక్క వేస్తే వద్దనలేదు.